పాత కిటికీకి కొత్త కొలువు

ఇల్లు కట్టడం ఒక విద్య. ఇల్లు విప్పడం కూడా ఒక విద్యయే. మొదటిదానికి మన సమాజంలో ఉన్న గౌరవం రెండవదానికి లేదు. పాత ఇంటిని కూల్చునప్పుడు దూలాలను, వాసాలను కొనుటకు బేరగాండ్రు ముందుగానే వచ్చెదరు. గూనపెంకులను పశువుల కొట్టానికి దాచుకొనెదరు. దర్వాజకు మనవారు ఇచ్చే మన్నన తెలిసినదే గనుక దానిని పొయ్యిలో పెట్టుటకు చేయి రాదు. గోడల మట్టి తిరిగి మట్టిలో కలిసిపోవును. అన్నిటికంటె అనాథగా మిగిలేది కిటికీ. కొత్త ఇంటి కొలతలకు అది సరిపడదు. కట్టెల అడితిలో తూకానికి పోవును, లేదా పెండ్లివంటల పొయ్యిలోకి చేరును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఇట్లు విప్పిన కిటికీలు నేటికీ దొరకుచున్నవి. వానిని ఇంటి అలంకారంగా మలచుకొను విధానమును, ఆ పనిలో పాటింపవలసిన జాగ్రత్తలను, దాని వెనుకనున్న చరిత్రను మన విద్యార్థులకు వివరించుటకే ఈ వ్యాసమును ఉద్దేశించినాము. ఇది కేవలం తీరిక వేళల వినోదం కాదు. ఒక తరం ఇండ్లు పూర్తిగా కనుమరుగగుచున్నవి. వాని జ్ఞాపకంగా ఏది మిగులవలెనో నిర్ణయించుకొనే అవకాశం మన తరానికే ఉన్నది.

పేరులోనే చరిత్ర

ఉర్దూ, తెలుగు రెండింటినీ చదువుకొనే మన కళాశాలకు కిటికీ అనే మాటయే ఒక చక్కని పాఠం. సంస్కృతం దీనిని ‘గవాక్షం’ అన్నది, అనగా ఆవుకన్ను. ఆంగ్లంలోని ‘విండో’ అను మాటకు మూలం ప్రాచీన నార్సు భాషలో ‘గాలికన్ను’ అని అర్థమిచ్చే పదం. వేల మైళ్ళ దూరంలోనున్న రెండు జాతులు గోడలోని రంధ్రమును కన్నుతోనే పోల్చుట ఎంత విచిత్రము! పారసీకంలో ‘దర్’ అనగా తలుపు. ‘దరీచా’ అనగా చిన్న తలుపు. వెలుతురు కొరకు గోడపైభాగంలో విడిచే రంధ్రమును ‘రోషన్‌దాన్’ అందురు. అనగా వెలుగును నిలుపుకొనునది. మనం నిత్యం వాడే ‘కిటికీ’ హిందూస్తానీలోని ‘ఖిడ్కీ’ నుండి వచ్చినదే. పొరుగున తమిళులు వాడే ‘జన్నల్’ పోర్చుగీసు వారి ‘జనెలా’. ఎవరి మాట ఎవరి ఇంటిలో స్థిరపడినదో లెక్క తేల్చుట కష్టము. గాలి, వెలుతురువలె మాటలు కూడా కిటికీలగుండా ఇండ్లలోనికి వచ్చినవి.

మన ఇండ్ల కిటికీ తీరు

ఉత్తర తెలంగాణలోని పాత ఇండ్లకు గోడలు మట్టివి లేదా మట్టితో పేర్చిన రాతివి. అవి అడుగున్నర మొదలు రెండడుగుల మందం ఉండేవి. అంత మందమైన గోడలో కిటికీ పెట్టినప్పుడు లోపలివైపు ఒక అరుగువంటి చోటు ఏర్పడును. దీపం, ఖురాను పెట్టె, పిల్లల పలక, పాన్‌దాన్ — ఇంటివారిని బట్టి ఏదో ఒకటి అక్కడ కొలువుండేది.

కిటికీలో ముఖ్యభాగాలు మూడు. మొదటిది చౌకట్టు. రెండవది దానిలో నిలువుగా దిగగొట్టిన ఇనుప చువ్వలు. మూడవది రెక్కలు. పాత కిటికీలలో చాలవరకు రెక్కలు నాలుగు. పైన రెండు, క్రింద రెండు. దీనికి కారణము గలదు. క్రింది రెక్కలు మూసి పై రెక్కలు తెరచినచో వీధిలో పోవువారికి లోపలి మనుషులు కనిపింపరు; లోపలివారికి గాలి, వెలుతురు తగ్గవు. పరదాను పాటించే ఇంటికి, పాటింపని ఇంటికి కూడా ఈ ఏర్పాటు సమానంగా ఉపయోగపడినది. నేతపని చేయువారి ఇండ్లలో కిటికీ అవసరం మరియొకటి. గుంటమగ్గం మీద కూర్చున్న నేతకారుడు నేలమట్టానికి దగ్గరగా ఉండును. తెగిన పోగును చూచి ముడివేయుటకు అతనికి ప్రక్కనుండి వెలుతురు కావలెను. కనుక కిటికీ ఎత్తును బట్టి ఆ ఇంటివారి వృత్తిని ఊహింపవచ్చును.

ఇక కలప విషయము. గోదావరికి ఇరుప్రక్కలనున్న ఆదిలాబాదు, కరీంనగరు అడవులు టేకుకు పేరుపొందినవి. టేకు చేవలో సహజమైన నూనె ఉండును. అందుచేత చెదలు దానిని సులభముగా ముట్టవు. ఆంగ్లంలో దీనిని ‘టీక్’ అనుటకు మూలం మలయాళంలోని ‘తేక్కు’. పోర్చుగీసు వారు ఆ మాటను ఐరోపాకు కొనిపోయిరి. వడ్రంగి ఒక చెక్క కొసను సన్నగా చెక్కి, రెండవ చెక్క బెజ్జములో దిగగొట్టి, అడ్డముగా చెక్కమేకు వేసి బిగించేవాడు. కలప వానకాలమున ఉబ్బును, ఎండకాలమున ముడుచుకొనును. ఇనుప మొల ఆ కదలికకు లొంగదు, చెక్క పగులును. చెక్కమేకు కలపతోపాటు కదలును. పాత కిటికీ చౌకట్టు ఏండ్ల తరబడి వదులుకాకుండా నిలుచుటలోని రహస్యమిదే.

ఇండ్లు ఎందుకు మారినవి

1970 తరువాతి దశకాలలో మన ప్రాంతమునుండి గల్ఫు దేశాలకు వలస విస్తరించినది. దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ నుండి వచ్చిన సొమ్ముతో వలసపోయినవాడు మొదట చేసిన పనులలో స్లాబు ఇల్లు కట్టుట ఒకటి. ఆ ఆశను తప్పుపట్టుటకు ఎవరికీ హక్కు లేదు. వానకు కారే పెంకుటింటిలో పెరిగినవానికి కారని కప్పు యొక్క విలువ తెలియును. అయితే స్లాబు ఇంటి గోడ తొమ్మిది అంగుళాలు, ఒక్కొక్కచోట నాలుగున్నర అంగుళాలు మాత్రమే. ఆ గోడలో పాత చౌకట్టు ఇమడదు. ఇనుప, అల్యూమినియం, ప్లాస్టిక్ కిటికీలు వచ్చిన తరువాత దాని అవసరమే తీరిపోయినది.

సిరిసిల్ల ప్రక్కన ఇది మరియొక రూపం తాల్చినది. మధ్య మానేరు జలాశయము క్రింద అనుపురం, కొదురుపాక, సంకెపల్లి, రుద్రవరం, చీర్లవంచ, చింతల్‌ఠాణా మొదలైన గ్రామాలు ముంపునకు గురియైనవి. ఊరు విడిచి పునరావాస కాలనీలకు తరలిన కుటుంబాలు తమ ఇండ్లను విప్పి దర్వాజలను, కిటికీలను బండ్లలో వేసుకొని పోయినవి. ఊరు నీటి క్రిందికి పోయినను ఆ ఊరి వెలుతురును చూచిన కిటికీ మిగిలినది. అట్టి కిటికీని రద్దీ సామానుగా తలచుట న్యాయమా?

కోరుట్లలో మేము చూచిన ఒక ఇంటిని ఇచట పేర్కొనవలెను. ఆ ఇంటి పెద్దావిడ ఏండ్ల తరబడి కిటికీ ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టి పిల్లలను పెంచినది. గల్ఫులోనున్న కుమారుడు పాత ఇంటిని తీసి స్లాబు వేయించినప్పుడు, ఇల్లు కుమారునిది కావచ్చును గాని కిటికీ తనదేనని ఆమె పట్టుబట్టినది. నేడది ఆ కొత్త ఇంటి ముందరి గదిలో గోడకు ఆనించియున్నది. రెక్కలు తీసివేసి, చువ్వల వెనుక అద్దం బిగించినారు. ఎదుటి తలుపునుండి వచ్చే వెలుతురు ఆ అద్దం మీద పడి గదినంతయు నింపుచున్నది. ప్రక్కన ఆమె చాప ఎప్పటివలెనే పరచియున్నది. మేము చూచిన గృహాలంకారాలలో ఇంతకుమించిన అర్థవంతమైనది మరియొకటి లేదు.

ఎంపిక

కిటికీని తెచ్చుకొనుటకు ముందు మూడు విషయాలు పరిశీలింపవలెను.

మొదటిది, హక్కు. ఇంటి యజమాని అంగీకారంతో కొన్నది గాని ఇచ్చినది గాని అయియుండవలెను. మసీదు, దర్గా, గుడి, కోట — వీని కలప ఎంత శిథిలమైనదైనను మన సొత్తు కాదు. మరమ్మతు సమయంలో ప్రక్కన పారవేసినట్లు కనిపించినను, బాధ్యులైన కమిటీని అడగకుండ, రసీదు లేకుండ దానిని ఇంటికి తేరాదు. మరియొక సంగతి. నూరేండ్లు దాటిన శిల్పకళాఖండాలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోనికి వచ్చును. వానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపుట నిషిద్ధము. గల్ఫులోని బంధువుల ఇంటికి పాత చెక్కడపు పనిని కానుకగా పంపదలచినవారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

రెండవది, కలప ఆరోగ్యం. సన్నని ఉలితో గాని మొలతో గాని చౌకట్టు అడుగుభాగాన పొడిచి చూడవలెను. గోడలో పాతుకొనియున్న భాగమే మొదట చెడును. ఉలి సులభముగా దిగినచో లోపల గుల్ల. చిన్న రంధ్రములనుండి మెత్తని పిండి రాలుచున్నచో పురుగు ఇంకను సజీవముగా ఉన్నదని తెలియవలెను. అట్టిదానిని శుద్ధి చేయకుండ ఇంటిలోని ఇతర సామాను దగ్గర ఉంచరాదు.

మూడవది, బరువు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల టేకు చౌకట్టు ఒక్కటియే ఇరువది కిలోలకు పైగా తూగును. చువ్వలు, రెక్కలు కలిసినచో ముప్పది దాటును. దానిని ఎక్కడ నిలుపవలెనో ముందుగా ఆలోచించిన పిమ్మటనే ఇంటికి తెచ్చుట మంచిది.

శుద్ధి: రంగులోని విషము

ఈ వ్యాసమంతటిలో విద్యార్థులు మరువరాని భాగమిది. పాత కిటికీలకు పండుగకొకసారి, పెండ్లికొకసారి రంగు వేసేవారు. ఆకుపచ్చ మీద నీలం, నీలం మీద గోధుమ — ఒక దానిపై ఒకటిగా పొరలు పేరుకొనియుండును. ఆనాటి తైలవర్ణములలో సీసపు సమ్మేళనములు విరివిగా వాడేవారు. పసుపుపచ్చ రంగుకు, ఎర్రని సిందూరపు పూతకు, రంగు త్వరగా ఆరుటకు కూడా సీసమే ఆధారము. మన దేశంలో గృహోపయోగ వర్ణములలో సీసము 90 పి.పి.ఎం. మించరాదని 2016లో నియమాలు చేసిరి. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. పది లక్షల భాగముల రంగులో తొంబది భాగములని దీని అర్థము. అంతకు ముందు పూసిన ఏ రంగునైనను సీసము గలదిగానే భావించి జాగ్రత్తపడుట వివేకము.

సీసపు ధూళి శరీరంలోనికి పోయినచో పిల్లల మెదడు ఎదుగుదలకు హాని కలుగును. ఇంత వరకైతే హాని లేదని చెప్పదగిన పరిమాణమేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పినది. కనుక రంగు గీకునప్పుడు ఈ క్రింది పద్ధతిని పాటింపవలెను.

పని ఇంటిలో కాక ఆరుబయట, బావికి, వంటింటికి దూరముగా చేయవలెను. క్రింద పాత ప్లాస్టిక్ పట్టా పరచవలెను. రంగును పొడిగా గీకరాదు. నీటితో తడుపుచు, నీటిలో వాడదగిన ఉప్పు కాగితముతో రుద్దవలెను. ముఖానికి జేబురుమాలు కట్టుకొనుట చాలదు. సన్నని ధూళిని ఆపగల ఎన్-95 మాస్కు ధరింపవలెను. పిల్లలను, గర్భిణులను దరిదాపులకు రానీయరాదు. రాలిన రంగును పట్టాతో సహా చుట్టి కట్టి ఉంచవలెనే గాని పొలంలో కలుపరాదు, కాల్చరాదు. పనివేళ వేసుకొన్న బట్టలను విడిగా ఉతుకవలెను. మంటతో రంగును ఉబ్బించి గీకే అలవాటు కొందరు పనివారిలో ఉన్నది. అది మిక్కిలి ప్రమాదకరము. సీసము ఆవిరియై ఊపిరిలో చేరును.

ఇదే కారణముచేత రంగు వేసిన పాత కిటికీని వంటచెరకుగా వాడుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. ఆ పొగను పీల్చువారు పొయ్యి దగ్గరి స్త్రీలు, వారి ఒడిలోని బిడ్డలు. కిటికీని కాపాడుట అందమునకు సంబంధించిన విషయమే గాక ఆరోగ్యమునకు సంబంధించిన విషయము కూడా అగుట ఇందువలననే.

రంగు గట్టిగా అంటుకొని, ఎక్కడను పెచ్చులూడనిచో దానిని కదల్పకుండుటయే మేలు. తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదప పైన పారదర్శకమైన వార్నిష్ పూసినచో పాత పొరల అందము నిలుచును, ధూళియు రాలదు.

పురుగు పట్టిన కలపకు ఎండయే మొదటి వైద్యము. రంగులేని భాగములకు వేడినీటిలో కరగించిన వెలిగారమును రెండు మూడు మారులు పూసి ఆరనీయవచ్చును. చువ్వల త్రుప్పును ఇనుప బ్రష్షుతో గీకి త్రుప్పు పట్టని పూత వేయవలెను. కలపకు అవిసె నూనె పట్టించినచో టేకు తన సహజవర్ణమును తిరిగి పొందును. ఇచట ఒక హెచ్చరిక: అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడవేసినచో, ఆరునప్పుడు పుట్టిన వేడి లోపలనే నిలిచిపోయి అవి వాటంతట అవియే అంటుకొనును. వానిని విడివిడిగా పరచి ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను.

రూపాంతరములు

శుద్ధియైన కిటికీని పలురీతుల ఉపయోగింపవచ్చును.

అద్దపు చట్రము: ఇది అందరికీ సులభమైనది. రెక్కలు తొలగించి వెనుకవైపు గాడిలో అద్దమును అమర్చి, సన్నని బీడింగు పట్టీలతో బిగింపవలెను. ఐదు మిల్లీమీటర్ల అద్దము మూడడుగులకు రెండడుగులది సుమారు ఏడు కిలోలు తూగును. పులుపు వాసన వచ్చే రకపు సిలికాను జిగురును అద్దము వెనుక వాడరాదు; అది వెనుకనున్న పూతను తినివేసి నల్లమచ్చలు తెచ్చును.

లిపికళా ఫలకము: నాలుగు లేక ఆరు గడులున్న కిటికీ రెక్క దీనికి తగినది. గడికొక పలకగా ఉర్దూ, తెలుగు అక్షరములను అందముగా వ్రాయించి గాజు వెనుక అమర్చవచ్చును. నస్తాలిక్ లిపిలోని వాలును, తెలుగు అక్షరముల గుండ్రదనమును ప్రక్కప్రక్కన చూచినప్పుడు రెండింటి సొగసు ఇనుమడించును.

వస్త్ర ఫలకము: సిరిసిల్ల, కరీంనగరు ప్రాంతపు చేనేత ముక్కలను బిగువుగా సాగదీసి గడులలో అమర్చుట మరియొక పద్ధతి. తాత నేసిన ధోవతి అంచు, అమ్మమ్మ చీర కొంగు వంటివి పెట్టెలో చిమటలకు ఆహారమగుటకంటె గాజు వెనుక కనులకు విందగుట మేలు కదా! ఎండ నేరుగా తగలని గోడను ఎంచుకొననిచో రంగు వెలసిపోవును.

అర, బల్ల: లోతైన చౌకట్టుకు వెనుక పలక కొట్టించి, నడుమ రెండు అడ్డుపలకలు వేసినచో పుస్తకాల అర సిద్ధము. పాత తాఖీల వాడుక ఈ రీతిగా తిరిగి వచ్చును. టేకు నూనెగల కలప గనుక జిగురు సరిగా పట్టదు; అంటించబోవు చోటును థిన్నరుతో తుడిచి వెంటనే అంటింపవలెను. రెక్కను అడ్డముగా పరచి కాళ్ళు బిగించి, పైన అంచులు అరగదీసిన దృఢమైన గాజు పెట్టినచో చిన్న బల్ల ఏర్పడును.

ఇక గోడకు తగిలించుట. మట్టిగోడకు ఇంతటి బరువును వ్రేలాడదీయరాదు. నేలపై నిలిపి, పైభాగమును మాత్రము గోడకు కట్టవలెను. ఇటుక గోడకైనచో ఒకే మొలపై ఆధారపడక రెండుచోట్ల యాంకర్ బోల్టులు వాడవలెను. ఒక పట్టీని నలుబది ఐదు డిగ్రీల వాలుతో రెండుగా చీల్చి, ఒక సగమును గోడకు, మరియొక సగమును కిటికీ వెనుకకు బిగించి, ఒకదానిలో మరియొకటి కూర్చుండునట్లు చేయుట శ్రేష్ఠమైన పద్ధతి. బరువు పట్టీ పొడవునా సమానముగా పంచబడును.

ఇతరులు ఏమి చేసిరి

పాత కలపను గౌరవించినవారు లోకమున లేకపోలేదు. తమిళనాడులోని కారైకుడిలో చెట్టియార్ల మేడలనుండి వచ్చిన తలుపులకు, కిటికీలకు ప్రత్యేకమైన అంగడులే వెలసినవి. చెన్నై సమీపాన ముట్టుకాడులో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్ర సంస్థ దక్షిణ భారతదేశపు పాత ఇండ్లను విప్పి, తెచ్చి, తిరిగి నిలబెట్టినది. వానిలో తెలుగు ప్రాంతపు ఇక్కత్ నేతకారుని ఇల్లు ఒకటి. అహమదాబాదులో 1573 నాటి సిద్దీ సయ్యద్ మసీదు రాతి జాలీ, జయపురంలో 1799లో కట్టిన హవామహలు ఆ నగరములకే గుర్తులుగా నిలిచినవి. మన పల్లెవడ్రంగి చేసిన కిటికీ వానితో పోటీపడదు. అయినను వాని వెనుకనున్న ఆలోచన — వెలుతురును రానిచ్చుట, ఎండను ఆపుట, ఇంటివారి మర్యాదను కాచుట — రెండింటను ఒక్కటియే.

అంగడి పెరిగినప్పుడు ఒక అపాయము కూడా కలదు. మంచి ధర పలుకుచున్నదని నిలబడియున్న ఇంటినే కూల్చి కిటికీలను అమ్ముకొనుట మొదలగును. అలంకారము కొరకు ఇల్లు కూలరాదు. కూలిన ఇంటినుండి అలంకారము రావలెను. బాగుచేయదగిన ఇంటిని బాగుచేసుకొనుటయే ప్రథమ కర్తవ్యము. కిటికీ ఉన్నచోటనే ఉండి తన పని తాను చేయుచున్నంత కాలము దానిని మించిన అందము లేదు.

మన కర్తవ్యము

మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో తండ్రియో, అన్నయో గల్ఫులో ఉన్నారు. కొత్త ఇల్లు కట్టే మాట నేడో రేపో వినబడును. ఆనాడు మూడు పనులు చేయవలసినదిగా వారిని కోరుచున్నాము. కూల్చుటకు ముందు పాత ఇంటి కిటికీలను, దర్వాజలను ఉన్నచోటనే ఛాయాచిత్రాలు తీయుడు, కొలతలు వ్రాసుకొనుడు, ఏ వడ్రంగి, ఏ కాలాన చేసినాడో ఇంటి పెద్దలను అడిగి తెలిసికొనుడు. విప్పునప్పుడు గునపముతో పెకలింపక చెక్కమేకులను వెనుకనుండి కొట్టి తీయించుడు. ఒక్క కిటికీనైనను దాచుడు.

కళాశాల కమిటీ వారికి కూడా ఒక విన్నపము. గ్రంథాలయములో ఒక గోడను దీనికి కేటాయించినచో, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలనుండి ఒక్కొక్క కిటికీ చొప్పున మూడింటిని సేకరించి, శుద్ధి చేసి, గడులలో ఆ ఊళ్ళ చరిత్రను ఉర్దూలోను, తెలుగులోను వ్రాయించి నిలుపవచ్చును. ఖర్చు స్వల్పము, ఒక మంచి వడ్రంగి కొన్ని దినముల కూలి, కొంత గాజు, కొంత నూనె. వడ్రంగిపనిలో నేర్పరులైన పెద్దలు మన ఊళ్ళలో ఇంకను ఉన్నారు. వారి చేతినుండి పని నేర్చుకొనుటకు విద్యార్థులకు ఇంతకంటె మంచి సందర్భము దొరకదు.